పెరుగన్నం, పాలు తప్ప ఏదీ ముట్టని మూడున్నరేళ్ల పాప

కావలి అమ్మ:
మా పాపకు మూడున్నరేళ్లు. ఉదయం ఒక ఇడ్లీ, అదీ చక్కెర అద్దితేనే. మధ్యాహ్నం, రాత్రి పెరుగన్నం. నిన్న పప్పులో కనిపించిన ఒక్క తోటకూర ఆకును వేలితో ఏరి గోడకు అంటించింది. నాకు ఏడుపు ఆగలేదు. ఫోనులో బొమ్మలు చూపిస్తే నాలుగు ముద్దలు మింగుతుంది, కానీ ఏం తింటున్నదో దానికే తెలియదు. పాలు మాత్రం ఇష్టం. చాక్లెట్ పొడి కలిపి పెద్ద గ్లాసుతో రోజుకు నాలుగుసార్లు తాగుతుంది. మా అత్తగారు ‘పాలైనా తాగుతోంది కదా’ అంటారు. బరువు బాగానే ఉంది, మలబద్ధకం ఉంది. ఇలాంటి పిల్లలను పెంచినవారు దారి చెప్పండి.

ఉలవపాడు నాయనమ్మ:
అమ్మా, నా కన్ను ఆ పాల దగ్గరే ఆగిపోయింది. నాలుగు గ్లాసుల పాలు నిండిన పొట్టలో కూరకు చోటెక్కడిది? మా మనవడిని ఒంగోలులో పిల్లల డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది పాల లెక్కే. పాలలో ఇనుము నామమాత్రం. పాలు ఎక్కువైతే తిండిలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు, మలబద్ధకమూ వస్తుంది. రోజుకు అరలీటరు దాటనివ్వవద్దన్నారు. మేము ఒక్కసారిగా ఆపలేదు. ముందు భోజనానికి ముందు ఇచ్చే గ్లాసు తీసేశాం, తర్వాత పొడి తగ్గించుకుంటూ వచ్చాం. మొదటి నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరి వేశాడు. ఐదో రోజు తనంతట తానే ‘ఆకలి’ అన్నాడు. వాడి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

ఇంకొకటి, తిండిని పాప చేతికి ఇవ్వండి. మా తోటలో కోసిన సపోటాలు బియ్యం డబ్బాలో మగ్గబెడతాం. మావాడు రోజూ పొద్దున్నే మూత తీసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూస్తాడు. మెత్తబడినది దొరికితే బియ్యం దులిపి, దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. వాడు కనిపెట్టిన పండు వాడు తినకుండా ఉంటాడా? తోటకూర కాడలు తుంచడం కూడా వాడి పనే. తినకపోయినా పళ్లెంలో ఒక చెంచా వేస్తాను, బతిమాలను. కొత్త రుచి అలవాటు కావడానికి పది, పదిహేనుసార్లు పడుతుంది. మనం మూడోసారికే ‘దీనికి పడదు’ అని వదిలేస్తాం.

కొండపి అంగన్‌వాడీ టీచరు:
నాయనమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. ఇంట్లో గుడ్డు ముట్టని పిల్లలు మా కేంద్రంలో పక్క పిల్లను చూసి తింటారు. వారానికి ఒకసారి పొరుగు పిల్లను భోజనానికి పిలవండి. పాలు తగ్గితే కాల్షియం ఎలా అని మీ అత్తగారు అడిగితే, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుందని చెప్పండి. రాగిజావ, మినీ రాగిదోసె ఏదైనా సరే. ఆకుకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా పడుతుంది. నిమ్మకాయలకు మన గూడూరు ఉండనే ఉంది కదా! వేరుశనగ మాత్రం గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి కొట్టి అన్నంలో కలపండి.

కావలి అమ్మ:
మూడు వారాలైంది. పాలు రెండు చిన్న గ్లాసులకు దిగాయి, మలబద్ధకం చాలావరకు తగ్గింది. అన్నం దగ్గర ఫోను తీసేశాం, మా ఆయన ఫోను కూడా. తోటకూర కాడ నమిలి రసం మింగి పిప్పి ఊసేసింది. ఆకు ఇంకా ముట్టలేదు, గోడకైతే అంటించడం లేదు. నిన్న నా పళ్లెంలోని చేపల పులుసు వాసన చూసి ‘నాకు’ అంది. కారం, ముల్లు గుర్తొచ్చి పెట్టలేదు. ఏ చేపతో మొదలుపెట్టాలి?

ఉలవపాడు నాయనమ్మ:
అడిగినప్పుడు పెట్టేయాలమ్మా! వంజరం తెచ్చుకోండి, ముళ్లు తక్కువ. ఒక ముక్కను కారం లేకుండా పసుపు, ఉప్పుతో విడిగా వేయించండి. మీ వేళ్లతో నలిపి ముల్లు లేదని చూసుకున్నాక, పాప పళ్లెంలో కాదు, మీ పళ్లెం అంచున పెట్టండి. తనే వచ్చి తీసుకుంటుంది.