అజినొమోటో వేసినా చైనా సూప్‌కు నిండైన రుచి రావడం లేదు, ఎందుకు?

శాకాహారి: మేము మాంసం ముట్టము. కూరగాయల సూప్‌లో అజినొమోటో వేస్తున్నాను గానీ, రుచి నాలుకకు తగిలిన వెంటనే తేలిపోతోంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

షాంఘైవాసి: అజినొమోటో ఒక్కటే వేస్తే అంతే వస్తుందండీ. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి, అజినొమోటోలో ఉండే గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1920లలో వూ యున్‌చూ షాంఘైలో తియన్‌చూ కర్మాగారం స్థాపించి, ఆ గ్లుటమేట్ పొడిని చైనా వంటిళ్లకు చేర్చారు. అయితే అంతకు ఎంతో ముందునుంచే అక్కడి వంటవారు సోయా సాస్, పులియబెట్టిన నల్ల సోయా గింజలు, ఎండు రొయ్యలు, జిన్‌హువా నగరపు ఉప్పు పట్టించిన పంది తొడమాంసం వంటివి కలిపి మరిగించి ఆ నిండుదనాన్ని సాధించేవారు. మాంసంలో ఇనోసినేట్, ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అనే రుచినిచ్చే పదార్థాలు ఉంటాయి. వీటిలో ఏది గ్లుటమేట్‌తో కలిసినా, విడివిడిగా ఇచ్చే రుచులను కూడితే వచ్చేదానికంటే ఎన్నో రెట్లు బలమైన రుచి పుడుతుంది. మీ సూప్‌లో లేనిది ఆ రెండో పదార్థమే.

పుట్టగొడుగుల ప్రియురాలు: శాకాహారులకు షిటాకేనే దిక్కు. వాటిని రాత్రంతా ఫ్రిజ్‌లో చల్లని నీటిలో నానబెట్టి, మర్నాడు ఆ నీటితో సహా సన్నని సెగ మీద కాయండి. గ్వానిలేట్ ప్రధానంగా ఆ వేడిలోనే తయారవుతుంది. నానిన నీటిని పారబోస్తే రుచిలో సగం పోయినట్లే. చైనా శాకాహార వంటలో మొలకెత్తిన సోయా గింజలను నూనెలో కొద్దిగా వేయించి, నీళ్లు పోసి మరిగించి రసం తీస్తారు. నేను ఈ రెండు రసాలను కలిపి వాడతాను, మా ఇంట్లో ఎవరికీ కోడి రసం గుర్తుకు రాదు.

గుంటూరు గృహిణి: అజినొమోటోతో తలనొప్పి వస్తుందని మా అత్తగారు దాన్ని ఇంట్లోకే రానివ్వరు. అది నిజమేనా?

షాంఘైవాసి: ఆ భయం 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన లేఖతో వ్యాపించిందండీ. ఎందులో అజినొమోటో ఉందో తినేవారికీ పెట్టేవారికీ తెలియకుండా జరిపిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనబడలేదు. అయినా పెద్దావిడ వద్దంటే పుట్టగొడుగుల రసంతోనే చేయండి, లోటుండదు. వాడేవారు మాత్రం ఉప్పు తగ్గించాలి. అజినొమోటోలో సోడియం సుమారు 12 శాతం, ఉప్పులో 39 శాతం.

శాకాహారి: బజారులో దొరికే చికెన్ రుచి పొడులు శాకాహారమేనా?

పుట్టగొడుగుల ప్రియురాలు: పేరు చూసి నిర్ణయించకండి. పొట్లం మీది పదార్థాల జాబితాలో 631 అనే సంఖ్య ఇనోసినేట్‌ను సూచిస్తుంది. అది చేపల నుంచీ రావచ్చు, పులియబెట్టడం ద్వారానూ రావచ్చు. మన దేశంలో అమ్మే పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు ఉంటేనే తీసుకోండి.