‘ఉలకదు, పలకదు’: విడ్జెట్ విషయంలో రెండూ ఒకటి కావు

హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ (యాప్ తెరవకుండానే దాని సమాచారం చూపే చిన్న పలక) మొరాయించినప్పుడు తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు, ‘స్పందించడం లేదు’ అంటే సరిపోతుందని ఇక్కడ చాలామంది మిత్రులు అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. అయితే యాప్ వాడేవారికి తెలుగులో సూచనలు రాయడమే నా పని కాబట్టి, ఆ మాటతో నాకు రోజూ ఇబ్బంది ఎదురవుతోంది. ఏ రకం లోపమో అది చెప్పదు. లోపం తెలియకపోతే మందు చెప్పలేము.

పెదవాల్తేరులో మా పక్కింటి మావయ్యగారు మొన్న మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని వచ్చి, “చూడు బాబూ, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు నొక్కినా ఇది ఉలకదు, పలకదు” అన్నారు. అది వాతావరణం చూపించే విడ్జెట్. బయట ఎండ మండిపోతూ ఉంటే, అందులో మాత్రం క్రితం రాత్రి నాటి చల్లదనమే నిలిచి ఉంది. మూలనున్న గుండ్రని బాణాన్ని నొక్కి చూశాను. వేలి కింద లేత బూడిదరంగు నీడ ఒకటి వలయంలా పరుచుకుని మాయమైంది. అంకెలు మాత్రం మారలేదు.

ఆ నీడను చూసినప్పుడే మావయ్యగారి నానుడిలో రెండు క్రియలు ఎందుకున్నాయో ఆలోచించాను. ఉలకడమంటే తాకగానే కదలడం, ‘ఉలిక్కిపడటం’లో ఉన్నది అదే. పలకడమంటే పిలుపునకు బదులివ్వడం. ఆండ్రాయిడ్‌లో విడ్జెట్‌ను తెర మీద గీసేది యాప్ కాదు, హోమ్ స్క్రీన్‌ను నడిపే లాంచర్. యాప్ పంపిన వర్ణనను బట్టి లాంచర్ ఆ బొమ్మ గీస్తుంది, వేలు తగిలినప్పుడు కనిపించే నీడ కూడా దానిదే; ఆ తరువాత, యాప్ ముందుగా ఇచ్చి ఉంచిన ఆజ్ఞను అది పంపితే, అసలు పని యాప్ చేస్తుంది. అంటే ఉలుకు లాంచర్‌ది, పలుకు యాప్‌ది. మావయ్యగారి విడ్జెట్ ఉలికింది కాని పలకలేదు.

పలకకపోవడానికి కారణం కూడా ఆయన మాటల్లోనే బయటపడింది. ఛార్జింగ్ మిగులుతుందని రాత్రి పడుకునే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్‌లన్నింటినీ ‘ఫోర్స్ స్టాప్’ చేయడం, అంటే బలవంతంగా ఆపేయడం, ఆయనకు అలవాటు. అలా ఆపిన యాప్‌ను మళ్లీ మనమే తెరిచేదాకా, తెర వెనుక పని చేయించే ఇలాంటి ఆజ్ఞలు సాధారణంగా చెల్లవు. యాప్‌ను ఒకసారి తెరిచి వెనక్కి వచ్చేసరికి బాణం పనిచేసింది, అంకెలు మారాయి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 ఇలాంటి విడ్జెట్‌ను బూడిదరంగులోకి మార్చి, తాకినా పనిచేయకుండా చేస్తుంది. ఆ ఫోన్‌లో అయితే ‘ఉలకదు, పలకదు’ అన్న మాట అక్షరాలా సరిపోయేది.

బూడిదరంగు లేకుండానే నీడ కూడా రాకపోతే, ముందు లాంచర్‌ను అనుమానించి ఫోన్ రీస్టార్ట్ చేయాలి. అప్పటికీ లాభం లేకపోతే విడ్జెట్‌ను తీసి మళ్లీ పెట్టుకోవడం మేలు.

ఐఫోన్ సంగతి వేరు. 2020లో ఐఓఎస్ 14తో విడ్జెట్లు హోమ్ స్క్రీన్ మీదికి వచ్చినా, 2023లో ఐఓఎస్ 17 వచ్చేదాకా వాటిని తాకితే యాప్ తెరుచుకునేదే తప్ప అక్కడికక్కడ ఏ పనీ జరిగేది కాదు. పాత ఐఫోన్ విడ్జెట్ ‘పలకడం లేదు’ అనడం దానికి అన్యాయం. దానికసలు పలుకే లేదు.

వ్యాఖ్య: ఉలుకు అంటే భయం కదండీ, యంత్రానికి భయమేమిటి? ‘ఉలుకూ పలుకూ లేదు’ అన్నప్పుడు రెండింటికీ కలిపి ఒకటే అర్థం. విడదీస్తే జంటపదం చెడుతుంది.

జవాబు: భయం ఉన్న మాట నిజమే, ఆ అభ్యంతరాన్ని గౌరవిస్తాను. కాని భయంలో మొదట కనిపించేది ఒంటి కదలికే కదా, నేను తీసుకున్నది ఆ భాగాన్నే. జంటను విడదీసినా ఎవరికీ అర్థం కాకుండా పోదు. ‘నొక్కితే ఉలుకుతోందా?’ అని మావయ్యగారిని అడిగితే, నీడ గురించి వివరించకుండానే “ఆఁ, ఉలుకుతోంది” అన్నారు.

వ్యాఖ్య: మరి నొక్కే అవసరం లేకుండా దానంతటది మారవలసిన విడ్జెట్ మారకపోతే?

జవాబు: దానికి ఈ రెండు క్రియలూ పనికిరావు. గడియారం విషయంలో అన్నట్టు ‘నిలిచిపోయింది’ అనడమే నాకు నచ్చుతుంది. అయితే ఆ మాట వాడే ముందు కొంచెం ఓపిక పట్టాలి. ఆండ్రాయిడ్‌లో విడ్జెట్ తనంతట తాను మారేందుకు యాప్ పెట్టుకునే మామూలు గడువు 30 నిమిషాలకు తగ్గదు, బ్యాటరీ పొదుపు పెట్టుకుంటే ఇంకా ఆలస్యం కావచ్చు. అందుకే నేను రాస్తున్న సూచనల్లో మొదటి ప్రశ్నను ఇలా మార్చాను: ‘మీ విడ్జెట్ నిలిచిపోయిందా, నొక్కితే ఉలికినా పలకడం లేదా, అసలు ఉలకడమే లేదా?’