టీజే ముందు ఇరుసుకి ఏ యూ-జాయింట్ వేయాలి?

కృష్ణతీరం (ఆస్టిన్, టెక్సస్)
అందరికీ నమస్కారం. నాది 2003 జీప్ రాంగ్లర్, టీజే మోడల్. ముందు ఇరుసు డానా 30, 33 అంగుళాల టైర్లు. వెనక లాకర్ (రెండు చక్రాలనీ కలిపి ఒకే వేగంతో తిప్పేది) ఉంది, ముందు కూడా పెట్టించాలని ఉంది. కొన్నాళ్లుగా బండి మెల్లగా పోతుంటే ఎడమ చక్రం దగ్గర పిచ్చుక అరిచినట్టు కిచకిచమంటోంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టక్ టక్‌మని చప్పుడు. జాకీ మీద లేపి చూస్తే యూ-జాయింట్ (చక్రం పక్కకి తిరిగినా షాఫ్టు తిరిగేలా చేసే కీలు) క్యాప్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. జాయింట్ మార్చాలని తేలిపోయింది, ఏది వేయాలన్నదే తేలట్లేదు. గ్రీజు అక్కర్లేని స్పైసర్ 5-760ఎక్స్ అని కొందరు, గ్రీజు నిప్పుల్ ఉన్నదే మేలని కొందరు, క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు)ది కొనేసి ఇక దాని సంగతే మర్చిపొమ్మని ఇంకొందరు. రోజూ ఆఫీసుకి ఇదే బండి. వారాంతాల్లో మార్బుల్ ఫాల్స్ దగ్గరి హిడెన్ ఫాల్స్‌కి వెళ్తుంటాను. వాడినవాళ్లు చెప్పండి.

రాళ్లబాట (ఫీనిక్స్)
760 వేసెయ్ బ్రదర్. నా టీజేలోనూ మా బావమరిది జీప్ చెరోకీలోనూ అదే ఉంది. ఇక్కడి ఎండకీ దుమ్ముకీ కూడా సీలు నిలబడింది. అన్నట్టు రెండు వైపులా ఒకేసారి మార్చు. ఎడమది పోయిందంటే కుడిదీ అంతే దూరం తిరిగింది కదా.

గేర్లపెట్టె (డెన్వర్)
తమ్ముడూ, ఏది కొనాలో చూసే ముందు అది ఎందుకు పోతుందో చూద్దాం.

స్టీరింగ్ నేరుగా ఉన్నంతసేపూ ఈ జాయింట్‌కి పెద్ద కష్టం లేదు. చక్రం తిప్పేకొద్దీ మొదలవుతుంది. జాయింట్ 30 డిగ్రీలు వంగినప్పుడు లోపలి షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా, బయటి ముక్క వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు 15 శాతం దాకా పెరుగుతుంది, రెండుసార్లు 13 శాతం దాకా పడిపోతుంది. టార్క్ కూడా అలాగే ఎగుడుదిగుడు అవుతుంది. ఆ కుదుపంతా మధ్యలో ఉన్న క్రాస్ (కొమ్మకో క్యాప్ ఉండే నాలుగు కొమ్మల ముక్క) మీదా, దాన్ని పట్టుకున్న షాఫ్టు చెవుల (షాఫ్టు చివర చీలిన కొసల) మీదా పడుతుంది. చెవులు కొద్దికొద్దిగా విచ్చుకుంటాయి. క్యాప్ జరగకుండా లోపలివైపు పట్టి ఉంచే సీ-క్లిప్ ఊడిపోతుంది. క్లిప్ లేని క్యాప్ బయటికి జరుగుతూ జరుగుతూ నకిల్‌కి (స్టీరింగ్‌తో తిరిగే, చక్రం హబ్‌ని మోసే ముక్కకి) కొట్టుకుంటుంది, అప్పుడు చెవి విరుగుతుంది. యూటాలోని రాళ్ల బాటల ఊరు మోయాబ్‌లో మా గుంపు బళ్లలో నేను చూసినవన్నీ ఈ వరసలోనే పోయాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉంటుంది, టైరుకి రాయి మీద పట్టు దొరుకుతుంది, సరిగ్గా అప్పుడే యాక్సిలరేటర్ తొక్కుతారు. బురదలో అయితే టైరు జారి జాయింట్‌ని కాపాడుతుంది. మోయాబ్ ఇసుకరాయి మీద టైరు జారదు.

ఇక రకాల సంగతి. నిప్పుల్ ఉన్న 5-297ఎక్స్‌లో గ్రీజు నాలుగు క్యాపులకీ చేరాలి కాబట్టి క్రాస్‌ని లోపల తొలుస్తారు. తొలిచినచోట ఇనుము తక్కువ. 760లో ఆ దారులు లేవు, క్రాస్ గట్టిది. గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి సీలు వేసేస్తారు. రెండింటి కొలతా ఒకటే, క్యాప్ వ్యాసం 1.188 అంగుళాలు, కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి కూర్చుంటుంది. పాత జీప్ సీజేల్లో వచ్చే 260 చిన్నది, దాని క్యాప్ 1.062. నీ టీజేకి 260 పనికిరాదు. పాత షాఫ్టులు కొన్న చెరోకీవాళ్లు మాత్రం కొలిచి చూసుకునే ఆర్డర్ పెట్టండి.

రోజూ రోడ్డు మీద తిరిగే టీజేకి నా ఓటు 760కే. పెట్టె మీద పేరు కన్నా చెవులు, క్లిప్పులు ముఖ్యం. విచ్చుకున్న చెవుల్లో ఎంత ఖరీదైన జాయింట్ పెట్టినా నిలవదు.

ఉవారీబురద (షార్లట్)
గేర్లపెట్టె గారు చెప్పిన లెక్క ఒప్పుకుంటాను, కానీ అది రాళ్ల మీద తిరిగేవాళ్ల లెక్క. మా నార్త్ కరోలినాలో ఉవారీ అడవి దారులు ఎర్రమట్టి బురద. నీళ్లలో దిగి వచ్చాక సీలు వేసిన జాయింట్ లోపలికి నీళ్లు చేరితే తీసే దారి లేదు. పైకి కొత్తదానిలాగే ఉంటుంది. విప్పి చూస్తే ఒక క్యాప్‌లో నీడిల్స్ (సన్నటి బేరింగు పుల్లలు) ఎండిపోయి, క్రాస్ కొమ్మ మీద వరసగా గీతలు పడి ఉంటాయి. నేను నిప్పుల్ ఉన్నదే వాడతాను. ట్రిప్పు నుంచి రాగానే ఇంటి ముందే గ్రీజు గన్ పెట్టి, నాలుగు సీళ్ల దగ్గరా పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొడతాను. ముందు మురికి నీళ్లు కలిసిన బూడిద రంగు గ్రీజు వస్తుంది, అది చూస్తే ఆ పని ఎందుకు చేయాలో అర్థమవుతుంది. ముందు లాకర్ లేదు, టైర్లు 31. ఇంతవరకు క్రాస్ విరగలేదు.

గేర్లపెట్టె (డెన్వర్)
31 టైర్లు, బురద, ముందు లాకర్ లేదు, పైగా వదలకుండా గ్రీజు కొట్టే మనిషి. మీకు అదే సరైనది ఉవారీ గారూ, నేను కాదనను. కృష్ణతీరం తమ్ముడు వెళ్లేది సున్నపురాయి, గ్రానైట్ గుట్టల మీదికి, పైగా ముందు లాకర్ పెడతానంటున్నాడు. లాకర్ పడితే ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు టార్క్ మొత్తం నేల మీద ఉన్న చక్రం జాయింట్ మీదికే వస్తుంది. అక్కడ తొలవని క్రాసే కావాలి.

కృష్ణతీరం (ఆస్టిన్, టెక్సస్)
చాలా థాంక్స్ అన్నా. మరి క్రోమోలీ జాయింట్ల మాటేమిటి? లాకర్ పెట్టేటప్పుడు మళ్లీ విప్పకుండా ఇప్పుడే వేసేస్తే?

సియెర్రాగాలి (శాక్రమెంటో)
ఈ ప్రశ్నకి నేను చెప్పగలను, నా బండిలో అవే ఉన్నాయి. 35 టైర్లు, ముందూ వెనకా ఏఆర్‌బీ కంపెనీ లాకర్లు, 4340 క్రోమోలీ షాఫ్టులు. రాళ్లబాటగా పేరున్న రూబికాన్ ట్రయల్ మా ఇంటికి దగ్గర, వేసవిలో అక్కడే ఉంటాం.

ఈ ఖరీదైన జాయింట్లలో చాలావాటికి నీడిల్ బేరింగులు ఉండవు, బదులుగా బుష్‌లు ఉంటాయి. బుష్ బరువు బాగా మోస్తుంది, వేగాన్ని ఓర్చుకోదు. టీజేలో ఫ్యాక్టరీ నుంచి లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని షాఫ్టుతో కలపడానికీ విడదీయడానికీ ఉండేవి) రావు. టూ-వీల్‌లో పోతున్నా ముందు షాఫ్టులు చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటాయి. హైవే మీద గంటలకొద్దీ అలా తిరిగితే బుష్‌లు వేడెక్కి అరిగిపోతాయి. అందుకే నేను ముందు లాకింగ్ హబ్ కిట్ వేయించి, ఆ తర్వాతే ఈ జాయింట్లు పెట్టాను. హబ్ అన్‌లాక్ చేస్తే రోడ్డు మీద షాఫ్టు తిరగదు. గ్రీజు మాత్రం తరచుగా కొట్టాల్సిందే.

కాబట్టి తమ్ముడూ, హబ్‌లు లేకుండా రోజూ ఆఫీసుకి వెళ్లే బండిలో ఇవి పెట్టకు. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు క్రోమోలీ షాఫ్టులు కొని వాటిలో 760 వేసుకో. ఆ షాఫ్టుల చెవులు అంత తేలిగ్గా విచ్చుకోవు. చాలావాటిలో చుట్టూ పట్టుకునే పూర్తి రింగు క్లిప్పుకి గాడి కోసి ఉంటుంది, అది సీ-క్లిప్‌లా ఊడి రాదు. 35 టైర్లకి వెళ్లేదాకా అది చాలు.

ఇంకో మాట. ఇరుసులో ఎక్కడో ఒకచోట బలహీనమైన ముక్క ఉండక తప్పదు. జాయింట్‌నీ షాఫ్టునీ బాగా గట్టిపరిస్తే దెబ్బ డానా 30 రింగ్ గేర్ మీదికి పోతుంది. జాయింట్‌ని ట్రయల్‌లోనే మార్చుకోవచ్చు. రింగ్ గేర్‌ని అక్కడ ఎవరు మారుస్తారు?

నల్లమలవిల్లీస్ (కర్నూలు)
ఇక్కడి నుంచి కూడా ఒక మాట. నాది పాత మహీంద్రా జీపు, ముందు ఫ్రీ వీల్ హబ్‌లు (లాకింగ్ హబ్‌లే). నకిల్ మూసి ఉంటుంది, జాయింట్ దాని లోపల గ్రీజులో మునిగి తిరుగుతుంది. దుమ్ము, నీళ్లు తేలిగ్గా చేరవు, కానీ బయటి సీలు చిరిగితే జాయింట్ పాడైన సంగతి చప్పుడు వచ్చేదాకా తెలియదు. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీలకి ముందు ఇరుసులో బెండిక్స్, ర్జెప్పా, ట్రాక్టా అని రకరకాల జాయింట్లు వేశారు. అందుకే పాత జీపు కొన్నవాళ్లు విప్పి చూడకుండా సామాను తెప్పించకూడదు. మా మెకానిక్ విప్పిన క్రాస్ చేతిలో పెట్టి పంపిస్తాడు, దాన్నే సికింద్రాబాద్ రాణిగంజ్ తీసుకెళ్లి కొలత పట్టి తెచ్చుకుంటాం. మారుతి జిప్సీలో యూ-జాయింట్ ఉండదు, బిర్‌ఫీల్డ్ రకం సీవీ (వంగినా వేగం మారకుండా తిప్పే జాయింట్) ఉంటుంది. కొత్త థార్‌లో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అక్కడా సీవీయే. ఈ తలనొప్పి ఇప్పుడు మా పాత జీపులవాళ్లకే మిగిలింది.

మార్కెట్‌లో పేరున్న పెట్టెల్లో నకిలీ సరుకు కూడా దొరుకుతుంది. క్రాస్ కొమ్మ మీద గోరు గీస్తే గరుకు తగిలితే వదిలేయండి. అసలుది అద్దంలా నున్నగా ఉంటుంది.

రాళ్లబాట (ఫీనిక్స్)
నకిలీల మాట ఇక్కడా నిజమే. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తే అనుమానించండి.

కృష్ణతీరం (ఆస్టిన్, టెక్సస్)
సరే, 760 రెండు ఆర్డర్ పెట్టాను. నేనే మారుద్దామనుకుంటున్నా. వైస్, సాకెట్లు ఉన్నాయి, బాల్ జాయింట్ ప్రెస్ అద్దెకి తెస్తా. క్యాపులు ఊడకుండా చిన్న వెల్డింగ్ చుక్క పెట్టమని ఒకరు చెప్పారు. పెట్టాలా?

గేర్లపెట్టె (డెన్వర్)
వద్దు. ఆ వేడికి క్యాప్ లోపలి గ్రీజు, సీలు పాడవుతాయి. ట్రయల్‌లో మార్చాల్సి వస్తే వెల్డింగ్ కోసే దారి ఉండదు. పోటీ బళ్లవాళ్లు చేస్తారు, వాళ్ల వెనక ట్రక్కులో స్పేర్ షాఫ్టులు ఉంటాయి.

పని వరస చెబుతాను. కాటర్ పిన్ తీసి, షాఫ్టు చివరి 36 ఎంఎం నట్టు చక్రం నేల మీద ఉండగానే వదులు చెయ్. తర్వాత కాలిపర్, డిస్కు. హబ్ వెనక మూడు బోల్టులు, 13 ఎంఎం, 12 మూలల సాకెట్ కావాలి. హబ్ తుప్పుపట్టి కదలకపోతే ముందు రోజే నూనె కొట్టి ఉంచు. షాఫ్టు లాగేటప్పుడూ పెట్టేటప్పుడూ ఇరుసు గొట్టంలో ఈడవకుండా రెండు చేతులతో ఎత్తి పట్టు. టీజేలో సీలు లోపల డిఫరెన్షియల్ పక్కనే ఉంటుంది. షాఫ్టు చివరి పళ్లు దాని పెదవిని చీరితే డిఫరెన్షియల్ మొత్తం విప్పాలి.

క్యాప్ నొక్కేటప్పుడు అందరికీ వచ్చే ఇబ్బంది ఒకటుంది. నీడిల్ ఒకటి జారి క్యాప్ అడుగున అడ్డంగా పడుతుంది. క్యాప్ దాదాపు పూర్తిగా దిగుతుంది, వెంట్రుకవాసిలో ఆగిపోతుంది, క్లిప్ గాడిలో కూర్చోదు. అప్పుడు బలం చెయ్యకు, తీసి చూడు. క్రాస్‌ని క్యాప్ లోపలికి ఆనించి పట్టుకుని నొక్కితే నీడిల్స్ నిలబడే ఉంటాయి. నాలుగు క్లిప్పులూ కూర్చున్నాక జాయింట్ చేత్తో బిగుసుగా తిరిగితే, ఇత్తడి సుత్తితో చెవుల మీద ఒక్కో దెబ్బ వెయ్. క్యాపులు బయటికి జరిగి క్లిప్పుకి ఆనుకుంటాయి, బిగువు పోతుంది. చివర్లో హబ్ బోల్టులు 75 ఫుట్‌పౌండ్లు, పెద్ద నట్టు 175.

కొత్త జాయింట్ ఎక్కించే ముందు ఖాళీ చెవిలో కొత్త క్యాప్ ఒకటి బొటనవేలితో తోసి చూడు. ఆగితే మంచిది. జారిపోతే ఆ షాఫ్టు పనయిపోయినట్టే.

కృష్ణతీరం (ఆస్టిన్, టెక్సస్)
శనివారం విప్పాను అన్నా. కుడివైపు చెవులు నాలుగూ గట్టిగా ఉన్నాయి, జాయింట్ ఎక్కించేశాను. ఎడమ బయటి షాఫ్టు చెవి ఒకదాంట్లో క్యాప్ వేలితోనే లోపలికి వెళ్లిపోయింది. లోపలి షాఫ్టు బాగానే ఉంది. బయటి ముక్క ఒక్కటే దొరుకుతుందా?

సియెర్రాగాలి (శాక్రమెంటో)
దొరుకుతుంది. పాత కార్ల యార్డుల్లో 1995 తర్వాతి చెరోకీ ముందు షాఫ్టులు చూడు, 27 పళ్లవి, టీజేకి సరిపోతాయి. బయటి ముక్క ఎడమకీ కుడికీ ఒకటే. లోపలివి మాత్రం ఎడమది పొట్టి, కుడిది పొడుగు. యార్డుకి వెళ్లేటప్పుడు కొత్త క్యాప్ ఒకటి జేబులో పెట్టుకెళ్లి, అక్కడే చెవిలో తోసి చూసుకుని కొను. దొరికితే రెండు బయటి ముక్కలు తెచ్చుకో, ఒకటి జాయింట్ ఎక్కించి బండిలో స్పేర్‌గా ఉంచు.

కృష్ణతీరం (ఆస్టిన్, టెక్సస్)
అలాగే అక్కా, రేపే వెళ్తాను. కుడి లోపలి షాఫ్టు కూడా కనబడితే తీసేసుకుంటాను.