రెండు డిస్కుల బీటీఆర్‌ఎఫ్‌ఎస్: మౌంట్ పట్టికలో ఒకే డిస్కు పేరు ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న:
ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే రెండు డిస్కులను కలిపి రెయిడ్ 1 పద్ధతిలో (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండేలా) లైనక్స్ ఫైల్‌సిస్టమ్ అయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఏర్పాటు చేశాను. ఎస్‌డీసీ పేరు ఇచ్చి మౌంట్ చేసినా, మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్‌ల పట్టికను చూపే ప్రాక్ మౌంట్స్ (/proc/mounts) ఫైలులో ఎస్‌డీబీ పేరే కనిపిస్తోంది. ఖాళీ డిస్కులను వెతికి ఫార్మాట్ చేసే స్క్రిప్టు ఈ ఫైలునే ఆధారంగా తీసుకుంటుంది కనుక, ఎస్‌డీసీ వాడుకలో లేదని అది పొరబడవచ్చు. ఏ డిస్కులు వాడుకలో ఉన్నాయో నమ్మకంగా తెలుసుకునే మార్గం ఏమిటి?

జవాబు 1:
ఆ పట్టికలో ఒక్కో మౌంటుకు మూలం పేరు రాసే గడి ఒక్కటే ఉంటుంది. అందులో ఏమి రాయాలో ఫైల్‌సిస్టమే నిర్ణయిస్తుంది. మీరు మౌంట్ కమాండుకు ఏ డిస్కు పేరు ఇచ్చారన్నది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పట్టించుకోదు. పాత కెర్నళ్లు డివైస్ ఐడీ అన్నిటికన్నా తక్కువగా ఉన్న డిస్కు పేరు చూపేవి, 5.16 కెర్నల్‌లో ఆ పద్ధతి మారి, జనరేషన్ సంఖ్య (మార్పులు రాసిన కొద్దీ పెరిగే లెక్క) అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న డిస్కు పేరు చూపడం మొదలైంది. ఏ పద్ధతిలోనైనా అది ప్రతినిధి పేరే తప్ప జాబితా కాదు. బీక్యాషెఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ డిస్కుల పేర్లన్నిటినీ కోలన్లతో కలిపి చూపుతుంది. అది నిజాయితీగల పద్ధతే కానీ, ఆ గడిలో ఒకే దారి ఉంటుందని నమ్మే ప్రోగ్రాములు దానితో తికమకపడతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే డిస్కు ఊసే ఎత్తకుండా డేటాసెట్ (దాని లోపలి విభాగం) పేరు ఇస్తుంది.

జవాబు 2:
ఫైలు వివరాలు తెలిపే స్టాట్ కాల్ ఇచ్చే డివైస్ నంబరుతో పోల్చి చూద్దామనే ఆలోచన కూడా వద్దు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఆ నంబరు ఏ డిస్కుకూ చెందదు. దాని మేజర్ సంఖ్య (డివైస్ రకాన్ని తెలిపే మొదటి భాగం) 0, పైగా ప్రతి సబ్‌వాల్యూముకు (ఫైల్‌సిస్టమ్ లోపలి ఉపవిభాగానికి) వేరే నంబరు వస్తుంది.

జవాబు 3:
మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్ సభ్య డిస్కులను చూడడానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ షో కమాండు చాలు. స్క్రిప్టులో అయితే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సమాచారం చూపే /sys డైరెక్టరీలో) ఆ ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (విశిష్ట గుర్తింపు సంఖ్య) పేరుతో ఉన్న డైరెక్టరీలోని డివైసెస్ భాగాన్ని చదవండి. ప్రతి సభ్య డిస్కుకూ అక్కడ ఒక లింకు ఉంటుంది. ఫైల్‌సిస్టమ్ ఏదైనా పనికొచ్చే పరీక్ష మరొకటి ఉంది: డిస్కును O_EXCL (ప్రత్యేకంగా నాకే కావాలి అనే) జెండాతో తెరవబోతే, మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్ దానిని ప్రత్యేకంగా పట్టుకొని ఉన్నందున, బిజీ అనే లోపం వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాని సమయంలో ఆ పరీక్ష పనిచేస్తుందా?

జవాబు 3 రాసినవారు:
పనిచేయదు, అప్పుడు డిస్కు తెరుచుకుంటుంది. అందువల్ల ఫార్మాట్ చేసే ముందు బీఎల్‌కేఐడీ (blkid) కమాండుతో సంతకం (డిస్కుపై ఫైల్‌సిస్టమ్ ఉందని తెలిపే గుర్తు) కూడా చూడాలి. సభ్య డిస్కులన్నిటికీ యూయూఐడీ ఒకటే, ఉప యూయూఐడీ మాత్రమే వేరు. సంతకం ఏదైనా కనిపిస్తే స్క్రిప్టు ఆ డిస్కును వదిలేయాలి.