బెల్టు షాపు మీద ఊరి కమిటీ జరిమానా వేయవచ్చా?

మూసీ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు):
మాది నల్లగొండ జిల్లాలో మూసీ ఆయకట్టు కింది ఊరు. దసరా అయ్యాక ఊరి పెద్దలు, యువజన సంఘం, మహిళా సంఘాలు బొడ్రాయి దగ్గర కూర్చొని ఒక తీర్మానం చేశారు. బెల్టు షాపు (లైసెన్సు లేకుండా మద్యం అమ్మే కొట్టు) నడిపితే 25,000 జరిమానా, పట్టించినవారికి 5,000 బహుమానం. డప్పు చాటింపు కూడా వేయించారు. అంతవరకు నాకు పేచీ లేదు.

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి కమిటీ కుర్రాళ్లు భర్త లేని ఒకామె కిరాణా కొట్టులోకి వెళ్లారు. ఫ్రిజ్‌లో సోడా సీసాల వెనుక క్వార్టర్ సీసాలు దొరికాయి, కొన్నింటిని పగలగొట్టారు. ఆమె అమ్ముతోంది, అందులో అనుమానం లేదు. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. లోపలి గదిలో బియ్యం డబ్బా కుమ్మరించారు, బీరువా తెరిపించారు. కూతురి బట్టల మూటను కూడా విప్పి చూశారు. అదంతా ఫోనులో తీసి ఊరి గ్రూపులో పెట్టారు. జరిమానా కట్టడానికి ఆమె పుస్తెలతాడు కుదువ పెట్టింది. రశీదు ఇవ్వలేదు. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

సోదా చేయడం చట్టం పోలీసులకు కొలిచి ఇచ్చిన పని. శిక్షయితే వాళ్లకు కూడా లేదు, అది కోర్టుది. ఆ రెండూ ఒకే రాత్రి పదిమంది కుర్రాళ్ల చేతికి ఎలా వచ్చాయి? నాకు ఇది తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

సంఘం అక్క:
తమ్ముడూ, ఆ బియ్యం డబ్బా గురించి బాధపడ్డావు, మంచిదే. మా దేవరకొండ వైపు తండాల్లో పత్తి ఏరిన కూలి సాయంత్రానికి బెల్టు షాపులో పడితే, ఖాళీగా ఉండే బియ్యం డబ్బాలు ఎన్నో వచ్చి చూడు. మేము వందకు ఫోను చేయలేదనుకుంటున్నావా? చేశాం. ఎక్సైజ్ వాళ్లకు అర్జీ పెట్టాం. జీపు బయలుదేరకముందే ఇక్కడికి కబురు వస్తుంది. వాళ్లు వచ్చేసరికి కొట్టులో పప్పు, ఉప్పు తప్ప ఏమీ ఉండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఎవరి దగ్గర కాగితం తీసుకున్నారు? ఆ కదలిక వల్లే కదా మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. చట్టం వచ్చేదాకా కూర్చుంటే మా పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

నల్లగొండ వకీలు:
అక్కా, మీ కోపంలో న్యాయం ఉంది. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరమే. అయితే కమిటీ తీర్మానానికి చట్టబలం లేదు. ఇంట్లోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ వర్తిస్తుంది. బెదిరించి డబ్బు కట్టించుకుంటే 308 కింద బలవంతపు వసూలు. పౌరులకు అసలే అధికారం లేదని కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం కళ్లెదుట బెయిలు దొరకని కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు పట్టుకోగల) నేరం చేసేవాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు, కానీ ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. ఇచ్చింది అంతే. ఇల్లు వెతకమని, జరిమానా వేయమని ఎక్కడా లేదు. ఆ కొట్టు ఆమె రేపు ఫిర్యాదు చేస్తే కేసు కమిటీ కుర్రాళ్ల మీదికే వస్తుంది. వాళ్లలో పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు ఉంటే మరీ నష్టం.

పాలమూరు టీచర్:
మన పల్లెలకు ఈ అనుభవం కొత్తది కాదు. నిజాం కాలం నుంచి ఊరికి ముగ్గురు ఉండేవారు: లెక్కలకు పట్వారీ, శిస్తు వసూలుకు మాలీ పటేల్, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్. వంశపారంపర్య పదవులు. పోలీస్ పటేల్ ఊళ్లోనే ఉండేవాడు, అందరినీ ఎరిగినవాడు, పిలిస్తే పలికేవాడు. అంత దగ్గరి కాపలా ఇంకెక్కడుంటుంది? అయినా 1984లో ఆ పదవులు రద్దయితే పేదల వాడల్లో ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. ఎందుకంటే ఆయన చేయి ఎవరి మీద పడాలో, ఎవరి మీద పడకూడదో ఊళ్లోని కులమూ భూమీ నిర్ణయించేవి. మూసీ ఒడ్డు గారూ, ఒకటి అడుగుతాను. మీ ఊళ్లో అమ్ముతున్నది ఆమె ఒక్కతేనా?

మూసీ ఒడ్డు:
కాదు సార్. ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి కమిటీ పెద్దమనిషి బావమరిదిది. అక్కడికి ఎవరూ వెళ్లలేదు.

కాలువ గట్టు:
పోలీస్ పటేల్‌తో పోల్చడం అన్యాయం. ఆయన దొరల మనిషి, కమిటీ ఊరి మనుషులది. 1946లో కడవెండిలో దొరల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఈ జిల్లా పల్లెల్లో గుత్పలు (దుడ్డుకర్రలు) పట్టుకొని కాపలా కాసింది ఎవరు? ఆడవాళ్లు కారం పట్టుకొని నిలబడలేదా? అప్పుడు పోలీసులు అవతలి పక్షాన ఉన్నారు. ఊరు తనను తాను కాపాడుకోవడం ఈ నేలకు తెలిసిన పని. ఒక ఊళ్లో బావమరిదిని వదిలేశారని కమిటీలన్నింటినీ తప్పుపడతారా?

పాలమూరు టీచర్:
తమ్ముడూ, ఆ గుత్పలు లేచింది గడీ మీదికి, రజాకార్ల మీదికి. ఒంటరి ఆడమనిషి బీరువా మీదికి కాదు. ఇంకో సంగతి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టినప్పుడు ఊళ్లు ఇలాగే కాపలాకు దిగాయి. కొత్తగా కనిపించినవాడల్లా దొంగే. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, డప్పు కళాకారులతో పాటలు పాడించి, అది పుకారని జనానికి నచ్చజెప్పించారు. పోలీసు పని అంటే నాకు అది. లాఠీ పట్టకుండా ఊరి కంటికి నిజం చూపించడం.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:
అందరూ చదువుకున్నవాళ్లు, బాగా చెబుతున్నారు. నేను స్టేషను లోపలి మాట చెబుతాను. మండలంలో ఊళ్లు, తండాలు కలిపితే ముప్పైకి తగ్గవు. రాత్రి తిరిగే జీపు ఒకటి. కబురు ముందే వెళుతుందన్న అక్క మాట నేను కాదనను. మా వాళ్లలో అలాంటి వాళ్లున్నారు, అది మా శాఖకు సిగ్గు.

కానీ ఒక్క సంగతి చూడండి. బెల్టు షాపు సరుకు ఆకాశం నుంచి ఊడిపడదు. రాష్ట్రంలో లైసెన్సు దుకాణాలు 2,620. లాటరీలో గెలిచి, రెండేళ్లకు లైసెన్సు తీసుకున్న షాపు నుంచి పెట్టెలు పెట్టెలుగా ఊళ్లకు వస్తాయి. సీసా మూత మీద ఎక్సైజ్ లేబుల్ ఉంటుంది. అది చూసి ఏ దుకాణానికి వెళ్లిన సరుకో శాఖవాళ్లు తేల్చగలరు. మీ కమిటీ పగలగొట్టిన ప్రతి సీసాతో ఆ సాక్ష్యం కూడా పగిలిపోయింది. క్వార్టర్‌కు పదో ఇరవయ్యో మిగుల్చుకునే ఆమె పుస్తెలతాడు పోయింది. పెట్టెలు పంపినవాడు ఇప్పటికీ గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నాడు.

సంఘం అక్క:
హెడ్డు గారూ, ఇన్నేళ్లలో ఈ లేబుల్ సంగతి మాకు ఏ అధికారీ చెప్పలేదు. చెప్పి ఉంటే సీసాలు పగలగొట్టేవాళ్లం కాదు, మూటగట్టి దాచేవాళ్లం. మూసీ తమ్ముడూ, ఆమె డబ్బు ఆమెకు ఇప్పించు. ఆడదాని ఇంట్లో మగపిల్లలు సోదా చేయడాన్ని నేను సమర్థించను. అయితే జరిమానా వద్దన్నంత మాత్రాన షాపు ఉండనిస్తామని అనుకోవద్దు. మా తండాలో ఆడవాళ్లం వంతులవారీగా కొట్టు ముందు కూర్చుంటాం. లోపలికి వెళ్లం, ఎవరినీ ముట్టుకోం. కొనడానికి వచ్చేవాడి ముఖం చూస్తూ కూర్చుంటాం. దాన్ని కూడా నేరమంటారా వకీలు గారూ?

నల్లగొండ వకీలు:
అనను అక్కా. దారి అడ్డగించనంతవరకు, బెదిరించనంతవరకు అది మీ హక్కు.

కాలువ గట్టు:
కూర్చుంటే మానేస్తారని నాకు నమ్మకం లేదు. జరిమానా భయం లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ తెరుస్తారు. రశీదు ఇవ్వండి, లెక్క చెప్పండి, బావమరిదికి కూడా వేయండి, అంతేగానీ తీర్మానం ఎత్తేయకండి.

మూసీ ఒడ్డు:
రశీదు ఇచ్చినంత మాత్రాన లేని అధికారం రాదు అన్నా. ఆదివారం బొడ్రాయి దగ్గర మాట్లాడతాను. డబ్బు తిరిగి ఇవ్వాలి, వీడియో తీసేయాలి, మూడు షాపుల మీదా ఒకే అర్జీ వెళ్లాలి. వకీలు గారూ, అర్జీ ఎవరికి రాయాలి?

నల్లగొండ వకీలు:
ఎక్సైజ్ సూపరింటెండెంటుకు ఒకటి, ఎస్పీకి ఒకటి. మిగిలిన సీసాల లేబుళ్లు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి జత చేయండి. మీ దగ్గర ఉంచుకునే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మొదటి సంతకం ఆడవాళ్లతో పెట్టించండి. బావమరిది షాపు పేరు రెండో పేజీలో కాదు, మొదటి పేజీలోనే రాయండి.