“మన్నింపందగున్ దీనునిన్” – క్షమించమనా, ఆదరించమనా?

వార్డెన్ మాస్టారు:
పోతన భాగవతంలో గజేంద్రుడి మొర “లావొక్కింతయు లేదు” పద్యం మూడో పాదం చివర నా నోట ఎప్పుడూ “మన్నింపవే దీనునిన్” అనే ఆడుతుంది. పాఠం అదేనా? అసలు ఇక్కడ “మన్నించు”కి అర్థమేమిటి?

ఎందుకు అడుగుతున్నానంటే, మా ఇంజనీరింగ్ కాలేజీ అబ్బాయిల హాస్టల్లో ఆదివారం రాత్రి మెస్ అయ్యాక కొందరు పిల్లలు డాబా మీద కూర్చుంటారు. మగాడన్నాక ఎలా ఉండాలని ఇంట్లో నేర్పారు, అమ్మాయి కాదంటే ఎలా తీసుకోవాలి, ఏడుపొస్తే ఎక్కడికి పోతారు, ఇవీ మాటలు. మొన్న ఈ పద్యం చదివాను. “లావు” అనగానే అందరూ ఒళ్ళు అనుకుని నవ్వారు. బలం అని చెప్పి “ధైర్యము విలోలంబయ్యె” దాకా వచ్చేసరికి నవ్వులు ఆగాయి. జిమ్ములో కండలు పెంచిన మూడో ఏడాది కుర్రాడొకడు చొక్కా గుండీ తిప్పుకుంటూ, బ్యాక్‌లాగులు మిగిలాయని, నాన్నకు చెప్పే ధైర్యం లేదని బయటపెట్టాడు. ఆ వెంటనే, “బలం లేదని చెప్పి ఏనుగు సారీ ఎందుకు చెప్తోంది సార్?” అన్నాడు. వాడికి సరైన జవాబు చెప్పాలి.

ఛందోభిమాని:
“మన్నింపవే” కుదరదండీ. పద్యం శార్దూలం. “న్నింపంద” త గణం, “గున్ దీను” ఇంకో త గణం, చివర గురువు. మీ పాఠంలో ఒక అక్షరం తక్కువ, పైగా “న్నింపవే” త గణమే కాదు. “మన్నింపందగున్ దీనునిన్”. చివరి నకారప్పొల్లు కూడా వదలకండి, చాలామంది “దీనుని” అని రాసేస్తున్నారు.

ఇక అర్థానికి ఎక్కువ బరువు వేయకండి. పాదం “నీ”తో మొదలైంది, దానితో కలిసేలా పదమూడో అక్షరం యతికి “న్నిం” కావాలి. అందుకు పడ్డ మాట.

ఓరుగల్లు పాఠకుడు:
యతి కోసం పోతన మాట వెతుక్కున్నాడంటే నేను ఒప్పుకోను. పోతన ఊరు బమ్మెర మాకు దగ్గరే, చిన్నప్పటి నుంచి ఈ పద్యాలు వింటూ పెరిగినవాళ్ళం. ఆయనకు యతి అడ్డమొచ్చిన చోటు నాకు కనబడలేదు.

ఒంటిమిట్ట వైపు:
బమ్మెర సంగతి ఇక్కడెందుకులెండి, పోతనది ఏ ఊరన్న వాదం తేలేది కాదు. మాస్టారి ప్రశ్నకు రండి. “పెద్దల మాట మన్నించు” అంటే క్షమించమనా? “పండితుల మన్నన పొందిన కావ్యం” అంటే పండితులు క్షమించిన కావ్యమా? ఆదరించడం, గౌరవించడం అన్న అర్థాలు ఇప్పటికీ మన నోళ్ళలో ఉన్నాయి. గజేంద్రుడు సారీ చెప్పడం లేదు. నన్ను చిన్నచూపు చూడకు, ఆదరించు అంటున్నాడు.

కావ్యపాఠి:
అందరూ “మన్నింపన్” దగ్గరే ఆగిపోయారు. కీలకం “తగున్”లో ఉంది. “మన్నింపవే” అంటే బతిమాలడం. “మన్నింపందగున్” అంటే దీనుణ్ణి మన్నించడం తగును, అది ధర్మం అని చెప్పడం. ఓపిక అయిపోయిన స్థితిలోనూ తనకు రావలసింది ఇదీ అని పలుకుతున్నాడు. ఆ కుర్రాడికి చెప్పవలసిన మాట ఇదే. ఇదే ఘట్టంలో దీనికి చాలా ముందు ఉన్నదీ చూడండి. “నానానేకపయూథముల్ వనములోనన్ బెద్దకాలంబు సన్మానింపన్ దశలక్షకోటికరిణీనాథుండనై యుండి”. నిన్నటిదాకా ఏనుగుల గుంపులు సన్మానించాయి. బలం ఉన్నప్పుడు దొరికిన సన్మానానికీ బలం పోయాక అడుగుతున్న మన్ననకూ ముడి వేయాలనే పోతన ఆ మాట వాడాడని నా నమ్మకం.

ఛందోభిమాని:
అక్కడ “సన్మానింపన్”లో “నిం” పాదంలో రెండో అక్షరం, ప్రాసస్థానం. ముడి వేస్తే వేసుకోండి గానీ, దానికీ ఛందస్సే కారణం.

గోదారి గట్టు:
నాకు ఇంకో అభ్యంతరం. ఇది శరణాగతి పద్యం. పరమాత్మ ముందు జీవుడి మొర. దీన్ని తెచ్చి హాస్టల్ కౌన్సెలింగుకు వాడితే పద్యం చిన్నదైపోదా?

ఒంటిమిట్ట వైపు:
చిన్నది కాదు. “వినియు నూరకయుండి రంబుజాసనాదు లడ్డపడక” అన్నది కూడా ఆ ఘట్టంలోనిదే. బ్రహ్మాదులు విన్నారు, విని ఊరుకున్నారు. హాస్టల్ గదుల్లో జరిగేది సరిగ్గా అదే. పక్క మంచం వాడు రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తుంది, “మగాడివై ఉండి ఏంట్రా” అని దుప్పటి కప్పుకుంటారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924, అందులో మగవాళ్ళు 71.8 శాతం. మాస్టారూ, పద్యంతో పాటు మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 కూడా డాబా మెట్ల దగ్గర గోడ మీద రాయించండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కావ్యపాఠి:
గోదారి గట్టు గారూ, మొర అంటే పిలవడం. “ఎవ్వారిం జీరుదు” అని గజేంద్రుడు, ఎవరిని పిలవను అని. అవతల విష్ణువు “ఏ పరివారంబును జీరఁడు”. రెండు చోట్లా “చీరు” ధాతువే. ఈయనకు ఎవరిని పిలవాలో తెలియదు, ఆయన ఎవరినీ పిలవకుండానే బయల్దేరాడు. “సిరికిం జెప్పఁడు”ని ఎంతమంది వ్యాఖ్యానించినా ఈ జంటను పట్టించుకోకపోవడం నాకు బాధ.

ఓరుగల్లు పాఠకుడు:
“చీరు” మాట బాగుంది. కానీ “సిరికిం జెప్పఁడు” అందం తొందరలో ఉంది. జుట్టు కూడా సర్దుకోలేదు, “ధమ్మిల్లముఁ జక్కనొత్తఁడు”. మాస్టారూ, అది కూడా చదివి వినిపించండి. స్నేహితుడు పిలిస్తే వెళ్ళడం ఎలాగో ఆ పద్యంలో ఉంది.

వార్డెన్ మాస్టారు:
“తగున్” గురించి కావ్యపాఠి గారు చెప్పింది వచ్చే ఆదివారం వాళ్ళకు చెబుతాను. క్షమించు, ఆదరించు రెండూ చెప్పి, ఏది సరైందో వాళ్ళనే తేల్చుకోమంటాను. ఇంకొక్క సందేహం. “దశలక్షకోటికరిణీనాథుండ” పద్యం చివర “భయం బెట్లోకదే యీశ్వరా” అని ఉంది. అంత నాథుడూ భయం అనేశాడు కదా, “ఎట్లోకదే”ని ఎలా విడదీయాలి?

ఛందోభిమాని:
ఎట్లు, ఓ, కదే. ఈ భయం ఏమవుతుందో కదా అని.

ఒంటిమిట్ట వైపు:
కాదు. ఇంతటివాడికి భయం ఎలా వచ్చిందో అన్న ఆశ్చర్యం. ముందున్న “ఇటేల వచ్చితి”తో కలిపి చదవండి.

ఛందోభిమాని:
“ఇటేల వచ్చితి”కీ దీనికీ అన్వయం లేదు. రేపు వేరే పోస్టులో వివరంగా రాస్తాను.