రోజువారీ స్విఫ్ట్‌కు లోయరింగ్ స్ప్రింగులు: మన రోడ్ల మీద 30 మిల్లీమీటర్లు తగ్గించవచ్చా?

నిజాంపేట స్విఫ్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2019లో కొన్న స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోలు కారు ఉంది. నిజాంపేట నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రోజూ అందులోనే వెళ్తాను. పండుగలకు భార్య, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామానుతో ఖమ్మం దగ్గరి మా ఊరికి వెళ్ళేదీ అదే కారులో. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంలో లేన్ మారినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిలకడకు రావడానికి కాస్త సమయం తీసుకుంటోంది. దిగువకు దిగే ర్యాంపుల మలుపుల్లో ఈ ఒరుగుడు మరింత తెలుస్తోంది. చక్రానికీ, దాని పైనున్న ఫెండరుకూ మధ్య ఖాళీ కూడా నాకు ఎక్కువగానే అనిపిస్తుంది. అందుకే 30 నుంచి 35 మిల్లీమీటర్లు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించాలని ఆలోచిస్తున్నాను.

ఒక వర్క్‌షాపులో కంపెనీ షాకబ్జార్బర్లు అలాగే ఉంచి స్ప్రింగులు మాత్రం మారిస్తే చాలన్నారు. ఇంకొక చోట కొత్తవి కొనడం దండగనీ, ఉన్న స్ప్రింగులోనే ఒక చుట్టు కోసేస్తే అదే ఫలితం వస్తుందనీ అన్నారు. ఈ రెండింటిలో ఏది సరైనది? మా కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు భాగం తగులుతుందా? ఇన్సూరెన్సు, ఆర్టీఏ విషయంలో ఇబ్బందులు ఏమైనా ఉంటాయా? రోజూ ఇలాంటి కారు నడుపుతున్నవారు తెలియజేయగలరు.

కూకట్‌పల్లి సస్పెన్షన్ (జవాబు)

స్ప్రింగు కోసే ఆలోచనను ముందుగా పూర్తిగా వదిలేయండి. స్విఫ్ట్ వెనుక భాగంలో స్ప్రింగు, షాకబ్జార్బర్ వేరువేరుగా ఉంటాయి, కాబట్టి చక్రం గుంతలోకి వేలాడినప్పుడో, జాకీ మీద ఎత్తినప్పుడో స్ప్రింగును తన సీటులో పట్టి ఉంచేది దాని పొడవే. ఒక చుట్టు పోయిన స్ప్రింగు ఆ క్షణంలో వదులై పక్కకు జరుగుతుంది, మళ్ళీ బరువు పడినప్పుడు సరైన చోట కూర్చుంటుందన్న హామీ లేదు. పైగా గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి, అక్కడే విరిగే అవకాశం ఉంటుంది.

ఇక అసలు విషయం. మీరు ఎత్తు గురించి అడిగారు గానీ, చూడవలసింది చక్రం పైకి కదలడానికి మిగిలే చోటు. కారు తన బరువుతో నిలబడి ఉన్నప్పుడు, షాకబ్జార్బర్ బాడీ పైకి వచ్చి, కదలికను చివర్లో ఆపే బంప్ స్టాప్ రబ్బరును తాకడానికి ఎంత దూరం ఉందో, గతుకు వచ్చినప్పుడు స్ప్రింగు చేతిలో ఉండేది అంతే. ఆ దూరం 70 మిల్లీమీటర్లు అనుకుందాం. ముప్పై తగ్గిస్తే మిగిలేది 40. స్ప్రింగు మింగగల శక్తి కదలిక వర్గాన్ని (కదలికను దానితోనే గుణించిన విలువను) బట్టి ఉంటుంది, కనుక 70లో ఆపిన దెబ్బను 40లో ఆపాలంటే స్ప్రింగు మూడు రెట్లు గట్టిదై ఉండాలి. అంత గట్టి స్ప్రింగు వేసిన కారులో పిల్లలతో ఖమ్మం వెళ్ళడం ఎవరి వల్లా కాదు కాబట్టి, తయారీదారులు కొంత మేరకే గట్టి చేసి, చాలా మోడళ్ళలో నొక్కుకునేకొద్దీ గట్టిపడేలా చుడతారు. దానికీ మించిన దెబ్బ బంప్ స్టాప్ మీద, అక్కడి నుంచి స్ట్రట్ మౌంటు (ముందు షాకబ్జార్బర్‌ను కారుకు బిగించే పై భాగం) మీద, చివరికి కారు బాడీ మీద పడుతుంది. ఫ్లైఓవర్ అతుకుల మీద ఇలాంటి కార్లలో వినిపించే ఆ గట్టి ‘డబ్’ చప్పుడు చాలాసార్లు ఈ రబ్బరు నుంచి వచ్చేదే.

కంపెనీ షాకబ్జార్బర్లు ఉంచవచ్చా అంటే, బిగించడానికి సరిపోతాయి, పనిచేయడానికి పూర్తిగా సరిపోవు. స్ప్రింగు పావు వంతు గట్టిపడితే, అదే షాకబ్జార్బర్‌కు దాని మీద ఉండే పట్టు సుమారు 11 శాతం తగ్గుతుంది. ఇన్నేళ్ళు తిరిగిన షాకబ్జార్బర్‌లో ఆయిలు బలం ముందే కొంత తగ్గి ఉంటుంది. అప్పుడు మీరు ఫిర్యాదు చేస్తున్న ఆ ‘నిలకడకు రాకపోవడం’ తగ్గకపోగా, ఎత్తుపల్లాల మీద ఊగడంగా పెరగవచ్చు. ఈ కారణంగానే బిల్‌స్టీన్ వంటి సంస్థలు మామూలు ఎత్తుకు ఒక రకాన్ని, పొట్టి స్ప్రింగుల కోసం తక్కువ పొడవున్న మరో రకాన్ని వేరుగా తయారు చేస్తాయి.

మరొక సంగతి కూడా ఉంది, దీన్ని దుకాణాలలో చెప్పరు. స్విఫ్ట్ ముందు భాగంలో ఉన్నది మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసి ఒకటిగా ఉండే అమరిక. కారును దించినప్పుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే చెయ్యి) బయటి చివర లోపలి చివర కన్నా పైకి పోతుంది. దానితో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం దిగిన దానికన్నా ఎక్కువగా కిందికి దిగుతుంది. అంటే ఒరిగించే మీట పొడవు పెరుగుతుంది. స్ప్రింగుకు అదనంగా ఇచ్చిన గట్టిదనంలో కొంత భాగం ఈ లోటు పూడ్చడానికే ఖర్చవుతుంది. కారు తక్కువ ఎత్తులో ఉంటే తక్కువ ఒరుగుతుందన్న మాట రేసు కార్లకు నిజమే కావచ్చు, ఎందుకంటే వాటికి ఈ ఆర్ముల కోణాలన్నీ సరిచేస్తారు. మన కార్లలో అది ఎవరూ చేయరు.

స్పీడ్ బ్రేకర్ల విషయానికి వస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. స్విఫ్ట్ రెండు ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి, కారు నడిమి భాగం శిఖరం మీద ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకరు మీదే ఉంటాయి. లెక్క వేస్తే అడుగు కింద బ్రేకరు చక్రాల కన్నా 44 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తులో ఉంటుంది. అలాంటి బ్రేకరు మీద దించిన కారు కూడా సులభంగా దాటుతుంది. అయితే మన కాలనీల్లో ఎవరి ఇంటి ముందు వారు సిమెంటుతో పోయించుకున్న, జానెడు వెడల్పు కూడా లేని దిమ్మెలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ రెండు జతల చక్రాలూ చదునైన రోడ్డు మీద ఉండి, దిమ్మె మొత్తం ఎత్తు అడుగు కిందికి వస్తుంది. మీ కారు గ్రౌండ్ క్లియరెన్సు ఖాళీగా ఉన్నప్పుడు 163 మిల్లీమీటర్లు. నలుగురూ ఎక్కి సామాను పెడితే రమారమి 40 తగ్గుతుంది. స్ప్రింగులతో మరో 30 తగ్గిస్తే మిగిలే తొంభై చిల్లరతో, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం మరికొంత వంగుతుండగా, అలాంటి దిమ్మెను దాటాలి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. ముందు స్ట్రట్ మీది దుమ్ము తొడుగును పైకి జరిపి, మెరిసే రాడ్డుకు సన్నని కేబుల్ టై ఒకటి బిగుతుగా కట్టి, దాన్ని షాకబ్జార్బర్ బాడీ పై అంచుకు ఆనేలా కిందికి జరపండి. ఎప్పుడూ వెళ్ళే దారిలోనే, ఎప్పుడూ వెళ్ళే బరువుతోనే నడిపి వచ్చి చూడండి. కదలికకు టై పైకి నెట్టబడి, చక్రం ఎంత పైకి వెళ్ళిందో అక్కడ ఆగి ఉంటుంది. టైకీ, బంప్ స్టాప్ అడుగుకూ మధ్య మిగిలిన దూరమే మీరు నిజంగా తగ్గించుకోగల ఎత్తు. అది వేలెడు కూడా లేకపోతే ఇక ఆలోచించవలసిన పని లేదు.

బెజవాడ హ్యాచ్‌బ్యాక్ (జవాబు)

పై జవాబులోని లెక్కలతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ దించిన కారు రోజూ నడపలేమన్న అభిప్రాయం కలగకూడదని రాస్తున్నాను. నా కారుకు 25 మిల్లీమీటర్లు తగ్గించే ఐబాక్ కంపెనీ స్ప్రింగులు, వాటికి తగిన పొట్టి షాకబ్జార్బర్లు, కొత్త స్ట్రట్ మౌంట్లు, తయారీదారు చెప్పిన కొలతకు కత్తిరించిన బంప్ స్టాప్‌లు అన్నీ ఒకేసారి వేయించాను. హైదరాబాదు రహదారి మీద స్టీరింగు తిప్పిన వెంటనే ముక్కు తిరగడం, ఎత్తు దిగాక ఒకే ఊపులో కుదురుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగిస్తాయి. అయితే నేను ఎక్కువగా ఒక్కడినే ప్రయాణిస్తాను. వెనుక సీటు నిండే ఇంటికి ఇదే మాట చెప్పను.

బిగించేటప్పుడు మీరు దగ్గర నిలబడి చూసుకోవలసినది ఒకటుంది. లోయర్ ఆర్మ్ బోల్టులనూ, వెనుక చక్రాలను కలిపే బీము బోల్టులనూ కారు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడిన తర్వాతే చివరి బిగింపు చేయాలి. లేకపోతే ఆ బోల్టుల చుట్టూ ఉండే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి. దించినప్పుడు క్యాంబరు, అంటే చక్రం నిలువు వాలు, కొద్దిగా లోపలికి మారుతుంది, కానీ టైరు లోపలి అంచును తినేసేది ఎక్కువగా టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారడమే. స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుంటాయి కాబట్టి అప్పుడు మరోసారి చూపించండి.

స్టుట్‌గార్ట్ నుంచి (జవాబు)

చట్టం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. ఇక్కడ జర్మనీలో లోయరింగ్ స్ప్రింగుల పెట్టెలో ఏ కారుకు, ఏ ఇరుసు బరువుకు, ఏ టైరు కొలతకు అవి సరిపోతాయో చెప్పే ధ్రువపత్రం వస్తుంది. చాలా వాటికి బిగించిన తర్వాత టీయూవీ లేదా డెక్రా అనే వాహన తనిఖీ సంస్థల ఇంజినీరుకు చూపించి, ఆమోదం పొందాలి. ఆయన చక్రాన్ని ఎత్తి, పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు సీటులో బిగుతుగా ఉందో లేదో చేత్తో కదిపి చూస్తాడు. చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పించి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకుంటాడు. మీరు భారతదేశంలో ఏ సంస్థ స్ప్రింగులు కొన్నా, ఆ పత్రంలో మీ కారు మోడలు, ఇరుసు బరువు ఉన్నాయో లేదో చూసి కొనండి.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనును కఠినంగానే చదివింది. కనుక ముందుగా ఆర్టీఏ కార్యాలయంలో అడిగి, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వారి సమాధానం కూడా రాతలోనే తీసుకోండి. క్లెయిము సమయంలో నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు ఇలాంటి మార్పులను కూడా చూస్తాడు.

నిజాంపేట స్విఫ్ట్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కేబుల్ టై కట్టి, కుటుంబంతో కలిసి ఊరికి వెళ్ళి వచ్చాను. టై నేరుగా బంప్ స్టాప్‌కు ఆనుకుని ఉంది, అంటే కంపెనీ ఎత్తులోనే కదలిక మొత్తం వాడుకుంటున్నాను. జాకీ మీద పెట్టి చూపించినప్పుడు వెనుక కుడి షాకబ్జార్బర్ ఆయిలు కారి, దాని చుట్టూ దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ముందు లింకు రాడ్లు (ఒరుగుడును తగ్గించే కడ్డీని చక్రాల వైపు భాగాలకు కలిపే చిన్న రాడ్లు) కూడా వదులయ్యాయి. స్ప్రింగుల ఆలోచన ప్రస్తుతానికి విరమించుకుని, నాలుగు షాకబ్జార్బర్లు, స్ట్రట్ మౌంట్లు, లింకు రాడ్లు మార్పిస్తున్నాను. టైర్లు కూడా అరిగాయి. ఇప్పుడున్నవి 165/80 ఆర్14 (14 అంగుళాల రిమ్ము) కొలతవి. వాటి బదులు 185/65 ఆర్15 వేస్తే ఒరుగుడులో తేడా ఉంటుందా?

కూకట్‌పల్లి సస్పెన్షన్

ఉంటుందండి, అది మీకు స్టీరింగులోనే తెలుస్తుంది. 165/80 ఆర్14 పక్క గోడ 165లో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15ది 120. మలుపులో మీకు ఒరుగుడుగా అనిపించేదానిలో కొంత ఈ గోడ వంగడమే. మొత్తం వ్యాసం రెండింటికీ దాదాపు 620 మిల్లీమీటర్లే కాబట్టి గ్రౌండ్ క్లియరెన్సు గానీ, స్పీడోమీటరు గానీ మారదు. మీ మోడలులోనే పై రకమైన జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన కొలత అదే కనుక, ఆ కారు రిమ్ములే తీసుకుంటే ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందన్నది) గురించి కూడా బెంగ ఉండదు. 16 అంగుళాల రిమ్ముల వైపు మాత్రం వెళ్ళకండి, వర్షాకాలంలో నీళ్ళ కింద కనిపించని గుంతకు ముందుగా బలయ్యేది రిమ్మే. షాకబ్జార్బర్లు మార్చిన తర్వాత అలైన్‌మెంటు చేయించి, టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితంలో ఉన్న అంకె ప్రకారమే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. ఊరికి వెళ్ళేటప్పుడు అదే కాగితంలో నిండు బరువుకు వేరే అంకె ఇచ్చి ఉంటే, వెనుక టైర్లకు దాన్నే పాటించండి.